కిష్టవ్వ ఎత్తు బంగారం

"లాభం... రెండు... మూడు..."

కొమురెల్లి కుడి పళ్లెంలో బెల్లం ముద్దలు పేరుస్తున్నాడు. లెక్క పెట్టేటప్పుడు ఆయన నోట ఒకటి అనే మాట వచ్చి నలభై ఏళ్లయింది. తూకంలో మొదటిది ఎప్పుడూ లాభమే. అలవాటు అలా ముదిరిపోయింది మరి. కూతురు పుట్టిన కొత్తలో ఎవరో "పిల్లలెంతమంది?" అని అడిగితే "లాభం" అన్నాడని హుస్నాబాద్ బజారులో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు.

ఎడమ పళ్లెంలో కాళ్లు ముడుచుకొని, రెండు చేతులా గొలుసులు పట్టుకొని, కళ్లు గట్టిగా మూసుకొని కూర్చున్నావిడ మనోరమ. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద డాక్టరు ఉపేందర్‌రావు భార్య. పదమూడో ముద్ద పడినా ఆవిడ కూర్చున్న పళ్లెం నేలను వదల్లేదు.

"ఇంక లేస్తలేదా కొమురెల్లీ?"

"లేస్తది దొరసానీ. బంగారానికి తొందరెందుకు?"

బంగారమంటే బెల్లమే. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూయించుకొని సమ్మక్కకు మోసుకుపోతారు. ఆ పదిరోజులూ దాన్ని బెల్లం అంటే వినేవాళ్లు నాలుక కరుచుకుంటారు. ఎనభై ఎనిమిది నాటి మాట ఇది. మధుసూదన్‌రావు బెల్లం దుకాణంలో పైనున్న దూలానికి పెద్ద కాంటా వేలాడుతుండేది. నిలువెత్తు గొలుసులు, మనిషి సుఖంగా కూర్చోగల రెండు చెక్క పళ్లాలు. ఆ కాంటాకు దడువాయి, అంటే తూకం వేసేవాడు, కొమురెల్లి.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గొలుసు పట్టీ పట్టీ కుడి చెయ్యి ఎడమ చేతికన్నా లావెక్కింది. అరచేతుల్లో పాకం ఇంకిపోయి ఎంత తోమినా గోధుమరంగు పోదు. తలకు ఎర్ర రుమాలు, మోకాళ్ల పైకి కట్టిన పంచె. చీమలు దుకాణం నుంచి ఆయన వెంట వరసకట్టి ఇంటిదాకా వస్తాయని భార్య కిష్టవ్వ గొడవ.

పదిహేనో ముద్దకు మరో చిన్న ముక్క చేరగానే గొలుసులు కిర్రుమని, పళ్లెం పైకి లేచి నిలబడింది. మనోరమ దిగింది. ఇప్పుడు ఆవిడ చోట తూకపు రాళ్లు వేసి బెల్లం ఎంతయిందో చూడాలి. ఇనుపవే అయినా వాటిని అందరూ రాళ్లనే అంటారు. కొమురెల్లి ఇరవై కిలోలవి మూడు, పదిది ఒకటి, అయిదుది ఒకటి పెట్టి, చూడకుండానే చెయ్యి చాపాడు. చేతికి ఏమీ తగల్లేదు.

రెండు కిలోల రాయి లేదు.

బస్తాల సందులో చూశాడు. గోనెపట్టా ఎత్తి చూశాడు. ఇన్నేళ్లలో ఆ చోట ఆ రాయి లేకపోవడం ఇదే మొదటిసారి. నోట్లో పన్ను ఊడినట్టే అనిపించింది ఆయనకు. చివరికి కిలో రాళ్లు రెండు వేసి తూకం ముగించి, మనోరమ దగ్గరకు వంగి గొంతు తగ్గించి చెప్పాడు. "డెబ్బై ఏడు." ఎవరి బరువైనా ఆయన వాళ్ల చెవిలోనే చెబుతాడు. మనిషి బరువు మనిషిది, బజారుది కాదు అంటాడు.

"పోయిన జాతరకు?"

"డెబ్బై ఆరున్నర."

"అయితే బాగనే ఉన్ననా?"

"రెండు జాతరలకు ఒక్క తీరుగ ఉన్నోళ్లకు ఏ రోగం ఉండది దొరసానీ."

"గీ మాట జర మా సార్‌కు చెప్పరాదు. గోడకు ఒక కాయితం అతికిచ్చిండు. ఎత్తు ఇంతుంటె బరువు ఇంతుండాలెనట. పొద్దున లేస్తే గదే రామాయణం. పెండ్లాన్ని కూడ కాయితంల చూస్తడా మనిషి?" అని ఆవిడ ముఖం ముడుచుకొని, అంతలోనే నవ్వేసింది. "అందరిని తూస్తవ్ గదా, నీ బరువెంతయ్యా?"

"నన్నెవలు తూస్తరు? నేను ఎక్కితే కాంటా పట్టెటోళ్లు లేరు."

మనోరమ బంగారాన్ని బండిలోకి ఎత్తిన హమాలీ అంతయ్య తిరిగివస్తూనే అందుకున్నాడు. "ఏమాయె దడువాయీ, రాయి పోయిందట? ఇయ్యాల రాయి పోయింది, రేపు కాంటా పోతది, ఎల్లుండి నిన్నే ఎవలన్న ఎత్తుకపోతరు."

"నీ సంచిల చూపియ్యి."

"నా సంచిల పొగాకున్నది. తూస్తవా?"

అంతయ్యకు కొమురెల్లికి ఇరవై ఏళ్ల స్నేహం. మామూలు రోజైతే ఆ మాటకు నాలుగు మాటలు తిరిగి పడేవి. ఇవాళ కొమురెల్లి మళ్లీ గోనెపట్టా కింద వెతకసాగాడు. అసలు పొద్దున లేచిన దగ్గర్నుంచే ఆయన ప్రాణం ప్రాణంలో లేదు. సాయంత్రం కిష్టవ్వ కాంటా ఎక్కాలి.

కొమురెల్లికి తన పని మీద గర్వం ఉంది, ఉండాలి కూడా. పోయిన జాతరలో లింగారావు పటేల్‌ను తూచి, "పటేలా, తొమ్మిది కిలోలు తగ్గినవ్. బంగారం తక్కువ పడ్డదని సంబరపడకు, దవాఖానకు పో" అని చెప్పింది ఆయనే. చూపిస్తే షుగరు బయటపడింది. అప్పటినుంచి డాక్టరు కూడా రోగులను కొమురెల్లి కాంటాకే పంపుతున్నాడు. దవాఖానలోని బరువు మిషను ముల్లు, ఎవరూ ఎక్కకపోయినా ఆరు దగ్గర నిలబడుతుంది. తన భార్య ఒకసారి ఎక్కి దిగిందని, అప్పటినుంచి అది భయపడిపోయిందని డాక్టరు అంటాడు. ఆ మాట ఆవిడ లేనప్పుడే అంటాడు.

అంత పేరున్న దడువాయి సొంత ఇంట్లో మనిషిని మాత్రం తూయలేదు. కిష్టవ్వ పుట్టుకతోనే సన్నం. దగ్గితే దుమ్ము అనుకున్నాడు, రవిక వదులైతే కుట్టు ఊడింది అనుకున్నాడు. రెండేళ్ల కింద దగ్గులో నెత్తురు పడినప్పుడు ఎత్తుకొని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. తూచి రమ్మని ఆయన పంపిస్తే, ఇదే పళ్లెంలో కూర్చోబెట్టాడు. ముప్పై ఒకటి. రాళ్లు మార్చి మళ్లీ చూశాడు. ముప్పై ఒకటే. ఊరందరి వాడిన ముఖాలూ కనిపెట్టిన కళ్లు తనవేనా అని ఆ రోజు గొలుసు పట్టుకొని నిలబడే ఏడ్చాడు. బతికిస్తే ఆమె ఎత్తు బంగారం ఇస్తానని అక్కడే మొక్కాడు.

క్షయ అని తేలి పెద్ద దవాఖానలో నలభై రోజులు, ఆ తరువాత ఏడాదిన్నర మాత్రలు, సూదులు. కిష్టవ్వ బతికింది. కాని మొక్కు తీరేదాకా కాంటా ఎక్కనని పట్టుబట్టింది. మొక్కులో ఉన్న మనిషిని ఊరికే మాటిమాటికీ తూస్తే అమ్మ కోపగిస్తుందని ఆమె నమ్మకం. డాక్టరు సరేనని, ఒక్కటే షరతు పెట్టాడు. "జాతర నాటికి నలభై దాటాలె. దాటకుంటె మళ్ల పెద్ద దవాఖానే."

ఆ నలభై కోసం కొమురెల్లి పడని పాట్లు లేవు. రోజూ ఒక గుడ్డు తెచ్చి ఎదురుగా కూర్చొని తినిపించేవాడు. మేకకాళ్ల చారు కాయించేవాడు. సర్వపిండి మీద నూనె కారేటట్టు పోయించేవాడు. ఆమె తిట్టుకుంటూ తినేది. రాత్రి నిద్రలో ఆయన నలభై, నలభై అని కలవరించేవాడు.

మధ్యాహ్నం కొమురెల్లి, అంతయ్య సద్దులు విప్పారు. రోజూ కిష్టవ్వే అన్నం తెచ్చేది. నిన్న కూడా తెచ్చింది. ఇవాళ తలస్నానం చేసి, సాయంత్రం ఒకేసారి వస్తానంది.

"జర తినరాదు. రొట్టెను చూసుకుంట కూసున్నవ్," అన్నాడు అంతయ్య.

"ముప్పై ఎనిమిదే ఉంటే ఎట్లరా?"

"ఫికర్ చెయ్యకు. మొన్న బోరింగు కాడ చూసిన. నిండు బిందె చంకల పెట్టుకొని రామవ్వతోటి కొట్లాడుతుంది. గంట సేపు బిందె దించలే, నోరు ముయ్యలే. రోగమున్నోళ్లు గట్ల కొట్లాడుతరా?"

కొమురెల్లికి నవ్వు వచ్చింది. అయినా రొట్టె సగమే తిన్నాడు.

సాయంత్రం నాలుగింటికి కిష్టవ్వ వచ్చింది. పసుపు రాసుకున్న ముఖం, బొట్టు పెద్దది, కొత్త ముతక చీర. వచ్చేటప్పుడు దారిలో బుచ్చవ్వ కలిసిందని, ఆమె కోడలు సంగతంతా చెప్పిందని చెబుతూనే లోపలికి వచ్చింది. కొమురెల్లి ఆమె మాటలు వినలేదు. పళ్లాన్ని రుమాలుతో తుడిచాడు. మధుసూదన్‌రావు గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు. పక్క దుకాణాలవాళ్లు కూడా పోగయ్యారు. దడువాయి పెండ్లాం కాంటా ఎక్కుతుందంటే చూడాలి గదా.

కిష్టవ్వ నడుము మీద చెయ్యి వేసుకొని మెల్లగా కూర్చుంది. బెల్లం తరువాత, ముందు అంకె తెలియాలి. కొమురెల్లి కుడి పళ్లెంలో రాళ్లే వేశాడు. ఇరవై. ఇంకో ఇరవై. పళ్లెం లేవలేదు! ఆమె పళ్లెం ఇంకా కిందనే ఉంది! కిలో రాయి పెట్టాడు. గొలుసులు కిర్రుమని రెండు పళ్లాలూ సరిగ్గా నిలబడ్డాయి.

ఎవరి బరువూ చెవి దాటనివ్వని మనిషి, బజారంతా వినిపించేటట్టు అరిచాడు. "నలభై ఒకటీ!"

అంతయ్య ఈల వేశాడు. మధుసూదన్‌రావు ఒక బెల్లం ముక్క విరిచి అందరికీ పంచమన్నాడు. కొమురెల్లి రుమాలు తీసి గాలిలో ఊపాడు. ఆ సంతోషంలో కిష్టవ్వ దిగడానికి చెయ్యి అందించాడు. ఆమె లేచింది. నడుముకు చుట్టుకున్న కొంగు జారింది. పళ్లెం మీద ఖంగుమని ఏదో పడి, దొర్లి, ఆయన కాళ్ల దగ్గర ఆగింది.

రెండు కిలోల రాయి.

బజారు బజారంతా పగలబడి నవ్వింది. అంతయ్య అయితే బస్తా మీద పడి దొర్లాడు. "దొంగ దొరికింది! ఇంటి దొంగనే!"

కొమురెల్లి నవ్వలేదు. రాయి తీసుకొని గడప మీద కూలబడ్డాడు.

"ముప్పై తొమ్మిది," అన్నాడు.

కిష్టవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "నిన్న అన్నం తెచ్చినప్పుడు తీసిన. నీ కాంటాను మోసం చెయ్యాలని కాదు. నువ్వు నిద్రపోతలేవు. ఇగ..." ఆమె జారిన కొంగు సర్దుకుంది. "గా దవాఖానకు నేను పోనయ్యా. పక్క మంచంల ఒకామె ఉండె. రాత్రి నాతోటి ముచ్చట పెట్టింది, తెల్లారేసరికి లేదు. చస్తే ఈడనే, నీ కాంటా సప్పుడు ఇనుకుంట చస్త గని గాడికి పంపకు."

అంతయ్య నవ్వు ఆపి దగ్గరికొచ్చాడు. "డాక్టర్‌కు ఎవలు చెప్తరు? నలభై ఒకటి అను. అయిపాయె."

కొమురెల్లి రాయిని అరచేతిలో ఆడించాడు. అంతయ్య చెప్పింది ఎంత తేలిక! ఒక్క మాట అంటే కిష్టవ్వ ఇంట్లోనే ఉంటుంది. లోపల రోగం మిగిలి ఉంటే? బెల్లంలో అబద్ధమాడితే బెల్లం తక్కువవుతుంది. దీనిలో అబద్ధమాడితే మనిషే తక్కువవుతుంది. లేచి నిలబడ్డాడు.

"నడు."

"యాడికి?"

"డాక్టర్ సాబ్ కాడికి. రాయి కూడ పట్టు."

నాలుగిళ్ల అవతలే దవాఖాన. కొమురెల్లి ముప్పై తొమ్మిది అని, జరిగిందంతా చెప్పి, రాయిని బల్ల మీద పెట్టి, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. ఉపేందర్‌రావు కిష్టవ్వ వీపు మీద గొట్టం పెట్టి ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు. మొన్నటి ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. ఆ తరువాత కుర్చీలో వెనక్కి ఒరిగాడు.

"మీ ఇంటి నుంచి బజారెంత దూరం కిష్టవ్వా?"

"మైలుంటది సాబ్."

"రాయి యాడ కట్టుకున్నవ్?"

"ఇంటి కాడ్నే."

"నడుమ యాడన్న కూసున్నవా? ఆయాసమొచ్చిందా? దగ్గు?"

"ఎందుకు కూసుంట? బుచ్చవ్వ కలిసింది, ముచ్చట పెట్టుకుంట వచ్చిన."

డాక్టరు కళ్లద్దాలు తీసి నవ్వడం మొదలుపెట్టాడు. "రెండేండ్ల కింద ఎత్తుకొచ్చిండు నిన్ను. మంచం దిగి నాలుగడుగులు వెయ్యలేకపోయినవ్. ఇయ్యాల రెండు కిలోల ఇనుము నడుముకు కట్టుకొని, బుచ్చవ్వ ముచ్చట్లకు జవాబులు చెప్పుకుంట మైలు నడిచినవ్. గింతకన్న పెద్ద పరీక్ష నా కాడ లేదు."

కొమురెల్లికి అర్థం కాలేదు. "మరి నలభై సాబ్? గా కాయితం?"

"కాయితంల చూస్తే ఈమె నలభై నాలుగుండాలె. అది వెయ్యిమందిని చూసి రాసిన అంకె. ఈమె ఒక్కతి. సన్నపు ఎముక. ఛాతీ మంచిగున్నది, తెమడ పరీక్ష మూడుసార్లు మంచిగ వచ్చింది, ఎనిమిది కిలోలు పెరిగింది. నలభై అని ఎందుకన్ననంటే, ఏదో ఒక అంకె చెప్పకుంటె నువ్వు గుడ్డు తెస్తుంటివా, ఈమె తింటుండెనా? దవాఖాన వద్దు, ఏం వద్దు. మాత్రలు కూడ ఈ నెలతోటి బంద్. జాతరకు పోయిరాండ్రి."

లోపలి గది నుంచి మనోరమ గొంతు వినిపించింది. "గదే మాట నాకెందుకు చెప్పరు?"

"నీకు కూడ రాయి కట్టి మైలు నడిపిస్త. అప్పుడు చెప్త!"

కొమురెల్లి రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సంతోషమే, కాని కళ్ల నీళ్లు ఆగవే! కిష్టవ్వ ఆయన మోచెయ్యి పట్టుకొని బయటికి నడిపించింది. "నడువ్, నడువ్. చీమలు పడుతయి," అంది.

దుకాణంలో దీపం వెలిగించి అందరూ కాచుకొని ఉన్నారు. బంగారం తూయడం ఇంకా మిగిలే ఉంది.

"ముప్పై తొమ్మిది ఇద్దమా?" అన్నాడు మధుసూదన్‌రావు.

"లేదు రావుసాబ్. నా నోటితో నలభై ఒకటి అని ఒర్లిన. అమ్మ విన్నది. అంతే ఇస్త." కొమురెల్లి కిష్టవ్వను పళ్లెంలో కూర్చోబెట్టి, రెండు కిలోల రాయిని ఈసారి అందరూ చూస్తుండగా ఆమె ఒడిలో పెట్టాడు. ఎదటి పళ్లెంలో బెల్లం పేర్చాడు. "లాభం... రెండు... మూడు..." ఆ సాయంత్రం ఆ గొంతులో ఉన్నంత హుషారు బజారువాళ్లు మళ్లీ ఎన్నడూ వినలేదు. రాయిని మధుసూదన్‌రావు కిష్టవ్వకే ఇచ్చేశాడు. దొంగతనానికి బహుమానం అన్నాడు.

ఆ తరువాత జాతర జాతరకూ అదే వరస. కిష్టవ్వ ఇంటి నుంచి రాయి తెచ్చుకొని ఒడిలో పెట్టుకొని కూర్చునేది. కొమురెల్లి ఇద్దరినీ కలిపి తూచేవాడు. తొంభైలో నలభై ఒకటి, ఆ పైన నలభై రెండు, నలభై మూడు. రాయి కాక, ఒట్టి కిష్టవ్వే.

తొంభై అయిదు శ్రావణంలో ఒక మధ్యాహ్నం కొమురెల్లి రొట్టె పూర్తిగా తిని, అంతయ్య చెప్పిన ఏదో మాటకు నవ్వి, బస్తాల మీద ఒరిగాడు. గిరాకీ వచ్చిందని అంతయ్య లేపబోతే లేవలేదు. అంతే.

మళ్లీ మాఘం వచ్చింది. కాంటా ఇప్పుడు అంతయ్య చేతిలో ఉంది. కిష్టవ్వ వచ్చింది. ఒడిలో రాయి ఉంది, కాని పళ్లెం ఎక్కేముందు దాన్ని తీసి పక్కన పెట్టింది. అంతయ్య తూచి, దడువాయి నేర్పినట్టే చెవిలో చెప్పాడు. నలభై నాలుగు. డాక్టరు కాయితంలోని అంకె.

"మీ అన్న ఈ మాట ఇంటే మస్తు ఎగురుతుండె," అంది కిష్టవ్వ నవ్వుతూ. తన బంగారం మూట కట్టేదాకా రాయిని మళ్లీ ఒడిలో పెట్టుకొని, ఆ తరువాత ఖాళీ పళ్లెంలో నడుమ పెట్టింది.

"గిదేంది వదినా?"

"గిది మీ అన్నది. ఊరందరిని తూసిండు గని ఆయన ఎన్నడు కాంటా ఎక్కలే. ఆయన పేరు మీద గింత బంగారం ఏరుగ ఇంకో మూట కట్టు."

అంతయ్య ఎదటి పళ్లెంలో బెల్లం ముక్క పెట్టాడు. "లాభం," అన్నాడు. రెండో ముక్క అక్కరలేకపోయింది. గొలుసులు ఒక్కసారి కిర్రుమని ఆగిపోయాయి. కిష్టవ్వ రెండు మూటలూ అందుకొని, మేడారం బస్సు దొరకదని తొందరపెడుతూ, ఎవరితోనో మాట్లాడుతూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఎడమ పళ్లెంలో రాయి ఉండిపోయింది, ఆమె ఒడి వెచ్చదనం ఇంకా ఆరకుండా.